పదిహేడంగుళాల కలత

కారు గాలిలో ఉంది, చక్రాలు నేల మీద ఉన్నాయి, టైలరు మనసు ఆ రెంటికీ మధ్య ఎక్కడో వేలాడుతోంది. టైర్ల షాపు యజమాని పొట్ట దగ్గర్నుంచి నవ్వు దాకా అంతా గుండ్రంగా ఉంటాడు కాబట్టి అందరూ ఆయన్ని గుండ్రం గారనే అంటారు. ఆయన లిఫ్టు మీట నొక్కి కారుని తన తలకన్నా ఎత్తుకి లేపేసి, నాలుగు చక్రాలూ ఊడదీసి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ "చెప్పండి మాస్టారూ, పదిహేడా, పధ్నాలుగా?" అన్నాడు. ఏదో ఒకటి చెప్పేసే మనిషయితే అక్కడితో కథే లేదు. టైలరు "ఒక్క నిమిషం" అన్నాడు. "నిమిషమేమిటి, నేను భోజనానికి లేచేలోపల తేల్చండి. వెనకాల బళ్ళున్నాయి," అనేసి గుండ్రం గారు ఇంకో కారు కిందికి దూరిపోయాడు. టైలరు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీకి ఒక కాలు పొట్టి. అటు ఒరిగితే పదిహేడు, ఇటు ఒరిగితే పధ్నాలుగు. లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు, మెడ మీద ఏదో పాకుతోందని దులుపుకోబోతే అది తన టేపు. పొద్దున్న షాపు తీసి, మెడలో వేసుకుని, అలాగే వచ్చేశాడు. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు, కారుకి లాగు కుట్టడానికి వచ్చాడనుకుంటారు. అనుకోనీ. నిజంగా అదే అయితే ఎంత బాగుండేది! లాగు అయితే తనకి తెలుసు. నడుం ఇంత, పొడుగు ఇంత, కింద మడత ఇంత. అమ్మకానికి పెట్టిన ఈ టైరు మీద రాసింది చూడు, నూట డెబ్బై అయిదు, గీత, డెబ్బై, పధ్నాలుగు. మొదటి అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది టైరు పక్క ఎత్తు, వెడల్పులో నూటికి ఇంత అని లెక్క. మూడోది లోపలి రిమ్ము, అంగుళాల్లో. ఒకే వస్తువుకి మూడు కొలతలు, మూడు భాషల్లో! నడుం అంగుళాల్లో, పొడుగు మిల్లీమీటర్లలో, జేబు శాతాల్లో చెప్పి లాగు కుట్టమంటే ఏ టైలరైనా మిషను అమ్ముకుని పారిపోడూ? ఇన్ని కొలతలుంటే కలతలుండవూ?

అసలు కలత కొలతది కాదు. అది టైలరుకి తెలుసు, తెలుసు కనకే కొలతల గురించి ఆలోచిస్తున్నాడు. ఇప్పుడు ఊడదీసిన ఆ పదిహేడంగుళాల చక్రాలు ఆయన వేయించినవి. ఆయనంటే భార్య మొదటి భర్త. పోయాడు పాపం, మంచి మనిషి. ఎంత మంచి మనిషంటే ఇంటికొచ్చినవాళ్ళెవరూ ఇప్పటికీ ఆయన్ని తలుచుకోకుండా లేవరు, తలుచుకున్నాక టైలరు మొహం చూసి "మీరూ మంచివారే లెండి" అనకుండా వెళ్ళరు. ఆ 'లెండి' అనే ముక్కని టైలరు చాలాసార్లు వాళ్ళు వెళ్ళాక విప్పి చూసుకున్నాడు, లోపల ఏ గుడ్డ వేశారో తెలుసుకుందామని. పెళ్ళయి ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి ఇల్లుంది, గడియారం ఉంది, గోడకి ఆయన ఫొటో ఉంది, వాకిట్లో ఆయన కారుంది, గుమ్మంలో ఆయన కూతురుంది, అప్పటికే ఎదిగిన పిల్ల. అన్నీ ఆయన సైజువే. టైలరు ఎక్కడా ఒక మేకు కూడా కొత్తగా కొట్టలేదు. చొక్కా తగిలించుకోవడానికి తలుపు అంచు చాలు. ఆ పిల్ల మర్యాదగా ఉంటుంది. మరీ మర్యాదగా ఉంటుంది. మీరు అంటుంది, మంచినీళ్ళు తెచ్చిస్తుంది, దారిలో కనిపిస్తే ఆగుతుంది. ఏమని పిలవాలో తేలక అసలు పిలవడం మానేసింది. గదిలోకి వచ్చి, కాస్త దగ్గి, "అమ్మ రమ్మంటోంది" అంటుంది. తనూ అమ్మాయ్ అంటాడు. అమ్మాయ్ అంటే ఎవరి అమ్మాయైనా అమ్మాయే కదా, అందులో ఎవరికీ అభ్యంతరం లేదు. ఇన్నాళ్ళయినా ఆ పిల్లకీ తనకీ మధ్య ఒక పిలుపు కుట్టు పడలేదు.

ఎవరో టైరుకి గాలి కొడుతున్నారు, బుస్సుమంది. టైలరు ఉలిక్కిపడ్డాడు. గాలి ఎక్కించుకుంటే టైరు, దిగిపోతే టయర్డు. పాడు జోకు. పాడు జోకులన్నీ గాభరాలోనే పుడతాయి, నవ్వడానికి ఎవరూ లేనప్పుడు మరీనూ. ఇంతకీ కారుకి వయసయిపోయింది, ఆ మాట ఒప్పుకోవాలి. రోజూ తిరగాలి. పొద్దున్న భార్యని ఆవిడ పనిచేసే లాబొరేటరీ దగ్గర దింపాలి, అమ్మాయిని కంటాసుపత్రి దగ్గర దింపాలి, అక్కడ కౌంటర్లో కూర్చుంటుంది, ఆ తరవాత తన షాపు. సాయంత్రం అదే దారి వెనక్కి. కంపెనీవాడు ఆ కారుని పుట్టించినప్పుడు పధ్నాలుగంగుళాల ఇనప రిమ్ములు, వాటి చుట్టూ దిండులాంటి లావుపాటి టైర్లు ఇచ్చాడు. ఆయన వాటిని ఊడదీయించి పదిహేడంగుళాల అలాయ్ వీల్స్ వేయించాడు. అలాయ్ వీల్స్ అంటే ఏమిటి? అలా అయితే వీలవదు అని అర్థం. రిమ్ము పెద్దదయితే టైరు పల్చబడాలి, లేకపోతే మడ్‌గార్డులో పట్టదు. పల్చబడితే రోడ్డు మీద ప్రతి గులకరాయీ నడుం దాకా వచ్చి పలకరించి పోతుంది. వెడల్పు కూడా ఎక్కువేమో, స్టీరింగు పూర్తిగా తిప్పితే లోపల టైరు గీసుకుని కిర్రుమంటుంది. అందుకని టైలరు ఎప్పుడూ పూర్తిగా తిప్పడు. జనం ఒక్కసారిలో తిరిగే మలుపు తను ముందుకీ వెనక్కీ జరిపి తిప్పుతాడు, వెనకవాళ్ళు హారన్లు కొట్టి ఆశీర్వదిస్తుంటారు. మొన్న గోతిలో పడ్డప్పుడు ఎడమ ముందు టైరు పక్కన బుడిపె లేచింది, అచ్చు కుర్రవాడి నుదుటి మీద బొప్పిలా. ఆ గోతిలో పడ్డప్పుడు భార్య అమ్మా అంది. అనేసి, పెదవి కరుచుకుని, కిటికీ మీది పిడి పట్టుకుంది. నొప్పిగా ఉందా అంటే లేదంది. లేదన్న మనిషి ఇంటికెళ్ళి వేడినీళ్ళ సంచీ నడుం కింద పెట్టుకుని పడుకుంది.

అయితే పధ్నాలుగే. ఏముంది ఆలోచించడానికి? నడుం కన్నా చక్రం ఎక్కువా? గుండ్రం గారూ, పధ్నాలుగు, అని అరవడానికి నోరు తెరిచాడు, మూశాడు. ఎందుకంటే సెలవురోజు పొద్దున్నే ఆ పిల్ల బకెట్టు పెట్టుకుని చక్రాల ముందు కూర్చుంటుంది. పళ్ళు తోముకునే పాత బ్రష్షుతో చక్రంలో పుల్లకీ పుల్లకీ మధ్య తోముతుంది. మట్టి పోయేదాకా తోముతుంది, పోయాక కూడా తోముతుంది. మాట్లాడదు. పైన కిటికీలోంచి వాళ్ళమ్మ చూస్తూ నిలబడుతుంది, ఆవిడా మాట్లాడదు. టైలరు గుమ్మం దాకా వచ్చి, చెప్పుల్లో కాలు పెట్టి, తీసేసి, లోపలికి వెళ్ళిపోతాడు. అక్కడ తనకి చోటు లేదు. అవి ఆయన చక్రాలు, వాళ్ళిద్దరిదీ ఆ జ్ఞాపకం. దాన్ని ఊడబెరికి గుండ్రం గారి చేతిలో పెట్టి, ఇదిగో మీ నాన్న గుర్తు, తీసేశాను, ఇప్పుడు హాయిగా కూర్చో అని చెప్పాలా? ఆ ఇంట్లో తను మార్పించే మొదటి వస్తువు అదా? కాదు కాదు, పదిహేడే. మరి నడుం? ఏది వేసినా ఇంట్లో ఒకరికి తగులుతుంది, ఒకరికి వెన్నులో, ఒకరికి గుండెలో. టైలరు కుర్చీ అటు ఒరిగింది, ఇటు ఒరిగింది.

ఇంకోటి కూడా గుండ్రం గారు ఇందాక మామూలుగా అనేశాడు, అది బుర్రలో గిరగిర తిరుగుతోంది. ఈ పెద్ద సైజు వేశాక చక్రం చుట్టుకొలత కాస్త పెరిగిందట. అంటే ఒక్కో చుట్టుకీ కారు ఎక్కువ దూరం పోతుంది, కాని లోపలి మీటరుకి ఆ సంగతి తెలీదు, పాత లెక్కే వేస్తుంది. మీటరు చూపించినదానికన్నా కారు ఎక్కువే తిరిగింది. ఆయన పెళ్ళాంబిడ్డలతో తిరిగిన దూరాలన్నీ ఎక్కడా లెక్కకి రాకుండా కొంచెం కొంచెం మిగిలిపోయాయన్నమాట. టైలరుకి ఎందుకో ఆ మాట విన్నాక ఆయన మీద జాలేసింది, ఆ వెంటనే తన మీద కూడా వేసింది. తను పొద్దునా సాయంత్రం ఆ కారులో తిప్పిన దూరం మాత్రం? అదీ తక్కువగానే పడింది కదా? పక్క సీట్లో ఆవిడ కునుకు తీసిన దూరం, వర్షంలో అద్దం తుడుస్తూ వెనక సీట్లోంచి అమ్మాయి "ఎడమ పక్క బండొస్తోంది" అని మొదటిసారి తనంతట తను మాట్లాడిన దూరం. ఆ మీటరు ముందు ఆయనా తనూ సమానం. ఇద్దరి లెక్కా తక్కువే. ఛ, ఏమిటీ ఆలోచనలు, టైర్లు కొనడానికొచ్చి టైము కొంటున్నాడు.

"మాస్టారూ!" గుండ్రం గారి తల కారు కిందినుంచి వచ్చింది. "తేలిందా?"

"మధ్యలో ఏదన్నా ఉందాండీ? పదిహేను?"

"పదిహేనంటే రిమ్ములు కొత్తవి కొనాలి. మీ డిక్కీలో ఇనప పధ్నాలుగులున్నాయి, నేల మీద పదిహేడులున్నాయి. రెండు జతలు పెట్టుకుని మూడోది అడుగుతారేమండీ? ఇద్దరు కోడళ్ళకి తగువొస్తే మూడో సంబంధం చూస్తారా ఎవరన్నా?" తల మళ్ళీ లోపలికి పోయింది.

డిక్కీలో ఇనప రిమ్ములున్నమాట నిజమే. ఆయన ఏదీ పారేసే మనిషి కాదు, మెట్ల కింద గోనెలో చుట్టి ఉంచాడు. టైలరు పొద్దున్న చప్పుడు కాకుండా వాటిని డిక్కీలోకి మోసుకొచ్చాడు, ఎందుకైనా మంచిదని. ఎందుకైనా మంచిదే తన బతుకంతా. తను కొత్త బట్టలు కుట్టడు, ఆల్టరేషనే. ఎవరో కుట్టినవి, ఎవరికో కుట్టినవి, ఇంకెవరికో సరిపెడతాడు. బిగుతు చేస్తే మిగిలిన గుడ్డ కత్తిరించడు, లోపలికి మడిచి కుడతాడు. రేపు ఒళ్ళు చేస్తే మళ్ళీ విప్పుకోవచ్చు. విప్పలేని పని ఇంతవరకు ఒక్కటీ చెయ్యలేదు. టైరుకి మడత ఏదీ? పదిహేడు వేసి ఒకంగుళన్నర లోపలికి మడవమంటే గుండ్రం గారు నిజంగానే తంతాడు. ఫోను తీశాడు. భార్య ఎత్తింది, వెనకాల గాజుసీసాల చప్పుడు.

"ఏ సైజు వేయించమంటావు?"

"మీ ఇష్టం."

"అది కాదు, నీ నడుము..."

"నా నడుముకేమైంది? బానే ఉంది. మీ ఇష్టమండీ, నాకు పనుంది," అని పెట్టేసింది.

మీ ఇష్టం. ఆ మాటకి పట్టుకోవడానికి ఒక అంచు ఉండదు, జారిపోతుంది. టైలరు లేచాడు, షాపు గుమ్మం దాకా నడిచాడు, రోడ్డు చూశాడు, తిరిగొచ్చాడు. నేల మీద వరసగా పడుకోబెట్టిన చక్రాల వైపు చూడకూడదనుకున్నాడు. వచ్చినప్పట్నుంచీ చూడకుండా జాగ్రత్తపడుతున్నాడు. గోడ మీద రేట్లు చూశాడు, రంగు వెలిసిన పోస్టరు చూశాడు, తన టేపు మీద అంకెలు చూశాడు. చూశాడు. బుడిపె టైరు తీసేశాక ఆ రిమ్ము ఒక్కటే గోడకి ఆనించి ఉంది. సన్నటి పుల్లలు, మధ్యలోంచి బయలుదేరి అంచు దాకా వెళ్ళేసరికి కొద్దిగా, అతి కొద్దిగా వంపు తిరుగుతాయి, బాగా కుట్టిన కుచ్చు విచ్చుకున్నట్టు. ఎక్కడా ముడత లేదు, లాగినట్టు లేదు. ఎవడో గానీ చెయ్యి తిరిగినవాడు గీశాడు ఆ బొమ్మ. తన షాపు ముందు కారు ఆపినప్పుడు ఎండ వాటి మీద పడి పక్క గోడ మీద ఒక వెలుగు చక్రం వేస్తుంది. దాన్ని చూడటానికే కదా కుట్టుమిషను కిటికీ వైపు తిప్పింది. వెలుతురు చాలట్లేదని చెప్పాడు అందరితో. వెలుతురా, వెలుతురు వెనక్కి తిప్పినా వస్తుంది. దారం ఎక్కించి తలెత్తి ఒకసారి, బొత్తాం కుట్టి తలెత్తి ఒకసారి. పోయినాయన చక్రాలని, భార్య నడుం విరగ్గొడుతున్న చక్రాలని, తను, ఛీ. సిగ్గుండాలి. టైలరు కళ్ళు తిప్పుకుని కుర్చీలో కూలబడ్డాడు, పొట్టికాలు కిందికి దిగబడి ఒళ్ళంతా ఒక పక్కకి ఒరిగింది.

కాస్త దగ్గు వినబడింది. తలెత్తితే ఆ పిల్ల, కంటాసుపత్రి బ్యాడ్జీ ఇంకా చొక్కాకే ఉంది, ఎండలో నడిచొచ్చినట్టు మొహమంతా చెమట.

"అమ్మ ఫోన్ చేసింది. మీరు తేల్చుకోలేక అవస్థ పడుతున్నారు, వెళ్ళి చూడమంది."

"నీకేది ఇష్టమో చెప్పమ్మా, అదే వేయిద్దాం."

"నాదేముంది. అమ్మకి ఇవేగా ఇష్టం. ఇవే ఉంచండి."

"అమ్మకా?" టైలరు లేచి నిలబడ్డాడు. "ఆవిడ నడుం పట్టుకుపోతోంది. నీకోసం ఓర్చుకుంటోంది."

"నాకోసమా! నాకెందుకు? వెనక సీట్లో కూచుంటే ఆ కుదుపులకి నాకు కడుపులో తిప్పుతుంది. కిటికీ దించుకుని ఊపిరి బిగబట్టుకుని కూచుంటాను రోజూ."

"మరి ఆ బ్రష్షు పెట్టి తోముతావు?"

"అమ్మ పైనుంచి చూస్తుంటుందిగా! తోమకపోతే, నాన్నవి కదా, పట్టించుకోవట్లేదని బాధపడుతుందని."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ పిల్లే ఫోను తీసింది, స్పీకరు పెట్టింది. గాజుసీసాలు గలగలలాడాయి.

"అమ్మా, నిజం చెప్పు. నీకీ పెద్ద చక్రాలంటే ఇష్టమా?"

"నాకా? ఆ బండచక్రాలు నాకెందుకే! నీకు ఇష్టమని, అంత ముచ్చటగా తోముకుంటున్నావని ఊరుకున్నాను."

"నాకిష్టం లేదు."

"మరి?"

"మరి నాన్న నీకోసమేగా వేయించింది?"

ఫోనులో ఒక సీసా కింద పెట్టిన చప్పుడైంది. తరవాత ఆవిడ నిట్టూర్చింది, నిట్టూర్పుకీ నవ్వుకీ మధ్య. "పక్కింటాయన కొత్త కారు చూపించాడు. చక్రాలు బావున్నాయండీ అన్నాను, ఏదో ఒకటి అనాలి కదా. మీ నాన్న అది విన్నాడు. మర్నాడు ఇవి వేయించుకొచ్చి వాకిట్లో నిలబడ్డాడు, మొహం చూస్తే, ఎలా వద్దంటానే? ఆయనకే నడుం నొప్పొచ్చేది పాపం. దిగి, నాకు కనబడకుండా అటు తిరిగి రుద్దుకునేవాడు."

కారు కింద గుండ్రం గారి రెంచి చప్పుడు ఆగి చాలాసేపయింది. టైలరుకి నవ్వు రాబోయింది. ఎవరికీ అక్కర్లేని చక్రాలు! ఒకరి కోసం ఒకరు, వాళ్ళ కోసం ఇంకొకరు, ఇంటిల్లిపాదీ నడుములు పట్టుకుని, కడుపులు పట్టుకుని, నోళ్ళు మాత్రం కుట్టుకుని, ఆ నాలుగు చక్రాలనీ ఇన్నేళ్ళు మోశారు. కారు మోయలేదు వాళ్ళని, వాళ్ళే మోశారు. మర్యాదకి కూడా సైజు ఉండాలి, మరీ పెద్దదయితే గీసుకుంటుంది. ఇంక తేలిపోయింది, పధ్నాలుగు, ఎవరికీ తగలదు, అందరికీ హాయి. మరి ఛాతీలో ఈ బరువేమిటి? గోడకి ఆనించిన రిమ్ము మీద ఎండ జరిగి వచ్చి పడింది.

"ఇందాకట్నుంచి అందర్నీ అడుగుతున్నారు," అంది ఆ పిల్ల ఫోను చేతిలోనే ఉంచుకుని. "మీకేది కావాలి? అది చెప్పరేం?"

"నాదేముందిలే..."

"అదిగో, మళ్ళీ! ఇప్పటిదాకా విన్నారుగా ఏమయిందో. చెప్పండి."

"పదిహేడు," అన్నాడు టైలరు.

గుండ్రం గారు కారు కిందినుంచి పూర్తిగా బయటికొచ్చేశాడు.

"ఏంటీ?" అంది ఆ పిల్ల.

"పదిహేడే ఇష్టం నాకు. ఎప్పట్నుంచో. ఆ వంపు చూడు, అక్కడ, మధ్యలోంచి ఎలా విచ్చుకుందో! అంత అందమైన వస్తువు మనింట్లో ఇంకోటి లేదు. మిషను కూడా అటే తిప్పుకున్నాను."

"అమ్మ నడుం విరిగిపోతున్నా?"

"నువ్వడిగావు, చెప్పాను."

"అడిగితే మాత్రం చెప్పేస్తారా! కడుపులో తిప్పుతోందని ఇప్పుడేగా చెప్పాను, అస్సలు సిగ్గులేదా మీకు? కారుకి అందమేంటి, ఏమన్నా పెళ్ళికెళ్తోందా? నడుం నొప్పి పెడితే మందు రాసేది నేను! కుదరదు. అంటే కుదరదు."

ఆ పిల్ల అలా అరవడం టైలరు ఎప్పుడూ వినలేదు. వాళ్ళమ్మ మీద అరవడం విన్నాడు, అలా, చేతులు తిప్పుతూ, కళ్ళు పెద్దవి చేసి. తన మీద ఇదే మొదలు. ఒళ్ళు జివ్వుమంది. "కొంచెం లావు సీటు కవర్లు వేస్తే..." అన్నాడు, ఓడిపోతానని తెలిసీ, ఇంకొంచెంసేపు తిట్టించుకోవాలని ఉండి. "కవర్లూ లేవు, గివర్లూ లేవు!" అంది. ఫోనులోంచి వాళ్ళమ్మ నవ్వు, ఆపుకోలేని నవ్వు, మధ్యమధ్య "అమ్మా నా నడుం" అంటూ.

"పధ్నాలుగు వేసెయ్యండి," అన్నాడు టైలరు గుండ్రం గారితో. అన్నాక నొప్పి పుట్టింది. నిజమైన నొప్పి, పక్కటెముక కింద. ఇంతకుముందు ఎన్ని వదులుకోలేదు! అవేవీ ఇలా నొప్పి పుట్టించలేదు, తనకి కావాలని ఎప్పుడూ పైకి అనలేదు కాబట్టి. ఇది తనది. తనది కనక పోతుంటే తెలుస్తోంది.

కొత్త టైర్లు ఇనప రిమ్ములకెక్కాయి, తూకం చూశారు, బిగించారు. లిఫ్టు దిగింది. నల్లటి చిన్న చక్రాల మీద, మడ్‌గార్డు కింద ఇంతేసి ఖాళీతో, కారు నేల మీదికొచ్చి నిలబడింది.

"అసహ్యంగా ఉంది," అంది ఆ పిల్ల.

"పొట్టి లాగు వేసుకున్న పెద్దమనిషిలా ఉంది," అన్నాడు టైలరు.

"మేజోళ్ళు కూడా కిందికి జారిపోయాయి."

"నేను చెప్పలేదూ?"

"చెప్తే?" అంది. కాని కారుని అలా చూస్తూనే ఉంది, పెదవి విరిచి.

గుండ్రం గారు పెద్ద చక్రాలని కాలితో దొర్లించుకుంటూ మూలకి పోతున్నాడు. "ఇంక వీటితో మీకేం పని మాస్టారూ, ఇక్కడే వదిలెయ్యండి, ఎవరన్నా కుర్రాళ్ళొస్తే అమ్మిపెడతాను."

టైలరు అలవాటుగా సరేననబోయాడు.

"అమ్మకండి," అంది ఆ పిల్ల, బ్యాడ్జీ తీసి జేబులో వేసుకుని చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ. "మా ఇంట్లో ఒకరికి అవంటే ఇష్టం."

టైలరు వంగి మొదటి చక్రానికి చెయ్యి వేశాడు. అనుకున్నదానికన్నా బరువుంది. అవతలి వైపు ఆ పిల్ల పట్టుకుంది.